తీగ పీకినవాడిది కాదు తప్పు

"మనవాళ్ళకి మెయింటెనెన్సు అంటే తెలీదండీ. లక్షలు పోసి ఇంజిను కొంటారు. అలారం మోగితే దాని తీగ పీకేసి మళ్ళీ వేటకి పోతారు."

ఈ మాటన్నది మెరైన్ ఇంజనీరు కాదు. మనలాగే కీబోర్డు కొట్టుకుని బతికే సాటి సాఫ్ట్‌వేర్ జీవి. 2025లో 'తండేల్' సినిమా వచ్చాక మా శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం పేరు హైదరాబాదులో కూడా నలుగురికీ తెలిసింది కదా. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేట చేస్తూ పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా వెనక్కొచ్చిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కథ. దాని గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో ఈ తీర్పొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అక్కడ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను గానీ చల్లారలేదు. అందుకే ఈ టపా. కొంచెం ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

తీగ పీకడం నిజమే. నేనూ చూశాను. కానీ తీగ పీకినవాడు తెలివితక్కువవాడని ఎవరన్నారు? ఆ అలారం ఏం చెప్తోందో ఎవరూ చెప్పకపోతే, దాన్ని నోరు మూయించడం తప్ప అతను చెయ్యగలిగింది ఏముంది? మన ఆఫీసుల్లో ఎన్ని అలర్టులు మ్యూట్‌లో పడున్నాయో చూసి మాట్లాడండి. రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది, డాష్‌బోర్డు తెరిస్తే ఏమీ ఉండదు, నాలుగోసారికి ఆ అలర్టుని ఎవరో ఒకరు ఆపేస్తారు. దానికి 'అలర్ట్ ఫెటీగ్' అని ముద్దు పేరు కూడా పెట్టుకున్నాం, కాన్ఫరెన్సుల్లో స్లైడ్లు వేస్తున్నాం. అదే పని బుడగట్లపాలెంలో ఒకడు చేస్తే మాత్రం అజ్ఞానం!

సరే, అసలు విషయానికొద్దాం. ముందు ఆ తీరం ఎలా ఉంటుందో తెలియాలి. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి 28. బారువ, భావనపాడు, కళింగపట్నం, బందరువానిపేట, ఇటు కోనాడ, చింతపల్లి, ముక్కాం. విశాఖపట్నంలో ఉన్నట్టు పెద్ద ఫిషింగ్ హార్బరు ఇక్కడ లేదు. చాలా ఊళ్ళలో బోటుని ఇసకలోంచి నీళ్ళలోకి తోసి, కెరటాలు దాటించి, లోపలికి పోవాలి. వచ్చేటప్పుడు మళ్ళీ కెరటాల మీదుగా ఇసకలోకి ఎక్కించాలి. బోటు వెనకాల తగిలించే అవుట్‌బోర్డు ఇంజినుని ఒడ్డుకొచ్చేముందు పైకెత్తాలి, లేకపోతే ఫ్యాను ఇసకలో తగులుతుంది. వేటయ్యాక చాలామంది దాన్ని విప్పి భుజానేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు, ఒక మూల పడుకోబెడతారు.

ఇప్పుడు ఈ ఇంజినులో ఆయిలు అలారం ఎలా పనిచేస్తుందో చూడండి. పాత టూ-స్ట్రోక్ చిన్న ఇంజిన్లలో ఆయిలుని పెట్రోల్లోనే కలిపేస్తారు. వాటికి ఆయిలు అలారమే ఉండదు. ఆయిలు వేరే ట్యాంకులోంచి దానంతటదే కలిసే టూ-స్ట్రోకుల్లో, ట్యాంకులో ఆయిలు తగ్గితే మోగుతుంది. ఫోర్-స్ట్రోక్ పూర్తిగా వేరే సంగతి. అందులో అలారం చెప్పేది ఆయిలు ఎంతుందని కాదు, ఆయిలు ఒత్తిడి ఎంతుందని. చాలా చిన్న ఇంజిన్లలో దీనికి ఒక మామూలు స్విచ్చి ఉంటుంది. ఒత్తిడి పడిపోతే ఆ స్విచ్చి తీగని ఇంజిను బాడీకి కలిపేస్తుంది. బజరు మోగుతుంది, లైటు వెలుగుతుంది, ఇంజిను తన వేగం తనే తగ్గించుకుంటుంది. కొన్ని యమహా ఫోర్-స్ట్రోకుల్లో సుమారు 2000 ఆర్పీఎంకి పడిపోతుంది.

ఇందులో తమాషా ఏంటంటే, ఆ తీగ ఉప్పుగాలికి తుప్పుపట్టి, తొడుగు ఊడి, బాడీకి తగిలినా సరే, ఇంజినుకి అది 'ఒత్తిడి లేదు' అన్నట్టే. అంటే దొంగ అలారం. ఆ తీగ పీకేస్తే మోత ఆగిపోతుంది. కానీ ఒత్తిడి నిజంగా లేనప్పుడు పీకినా అలాగే ఆగిపోతుంది! తీగ పీకితే అలారం ఆగింది కాబట్టి అది దొంగ అలారమే అని తేల్చేసే మెకానిక్కులు ఉన్నారు. అది పరీక్ష కాదు. అసలు పరీక్ష ఏంటంటే, స్విచ్చి విప్పి ఆ కన్నంలో ప్రెషర్ గేజి బిగించి ఇంజిను తిప్పి చూడడం. అదేమంత గొప్ప పనిముట్టు కాదు. అయినా ఆ గేజి పెట్టి చూసే మనిషి ఎన్ని ఊళ్ళకి ఒకడున్నాడో మీరే ఊహించుకోండి.

ఇంకో తిరకాసు. చాలా ఇంజిన్లలో ఇంజిను వేడెక్కినా అదే బజరు మోగుతుంది. ఇసక, గడ్డి, ప్లాస్టిక్ కవరు ఏదో ఒకటి నీళ్ళు పీల్చుకునే దారికి అడ్డం పడితే చాలు. పక్కనుంచి సన్నగా చిమ్మే నీళ్ళు వస్తున్నాయా లేదా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నీళ్ళు రాకపోతే గొడవ చల్లబరిచే నీళ్ళది. నీళ్ళు బాగానే వస్తూ అలారం మోగుతుంటే ఆయిలు మీద అనుమానపడాలి. ఇంత చిన్న మాట.

అన్నిటికన్నా నాకు ఒళ్ళుమండేది మూడో రకం అలారం. సుజుకీ ఫోర్-స్ట్రోక్ మోటర్లలో చాలావాటికి 'ఆయిలు మార్చే టైమయింది' అని గుర్తుచేసే ఏర్పాటుంది. కొత్త ఇంజినుకి 20 గంటలకి మొదటిసారి, ఆ తర్వాత సుమారు 100 గంటలకోసారి. ఇది ప్రమాదం కాదు, క్యాలెండరు రిమైండరు లాంటిది. పైగా ఆయిలు మార్చినంత మాత్రాన ఇది పోదు. విడిగా రీసెట్ చెయ్యాలి, అదీ స్విచ్చులని ఒక వరసలో తిప్పి, లాగి. ఆ వరస తెలిసినవాడికే తెలుసు. తెలీనివాడు ఆయిలు మార్పించి, డబ్బులు కట్టి, సముద్రంలోకి వెళ్ళాక మళ్ళీ మోత వింటాడు. అప్పుడేమనుకుంటాడు? మెకానిక్కు మోసం చేశాడనుకుంటాడు, లేదా బజరు పాడయిందనుకుంటాడు. రెండిట్లో ఏదనుకున్నా తరవాత జరిగేది తీగ పీకడమే.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఎచ్చెర్ల వైపు తీరంలో ఒక పెద్దాయన ఇంజిను చూశాను. కంపెనీ పేరు అనవసరం. మూత తీస్తే తీగ కొన వేలాడుతోంది, దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి శుభ్రంగా కట్టి ఉంది. ఎందుకు పీకారు మావా అనడిగితే ఆయన చెప్పింది ఇది.

"మొదట్లో మోగితే ఆపీసీవోళ్ళం బాబూ. ఒడ్డుకొచ్చీసి అమ్మినోడికి సూపిత్తే ఆయిలు తక్కువుందేమో పొయ్యండన్నాడు. పోసినాం. మళ్ళీ మోగింది. మళ్ళీ పోసినాం. వల నీళ్ళల్లో ఉన్నప్పుడు మోగితే ఏటి సేత్తాం? తీగ పీకీసినాం. ఇప్పుడు సుకంగా ఉంది."

మోత ఎలా ఉండేది, ఒకటే కూతా, లేకపోతే కూ-కూ అని ఆగి ఆగి మోగేదా అనడిగాను. "అదెవుడు సూసినాడు బాబూ, మోగిందంటే మోగింది" అన్నాడు. అదండీ సంగతి. ఆ అలారం చెప్పదలుచుకున్న కబురంతా ఆ ఆగి ఆగి మోగడంలోనే ఉంటుంది. ఏ మోతకి ఏ అర్థమో ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడో ఉంది. ఆ పుస్తకం ఇంట్లో పెట్టెలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

ఇంజినుని నిటారుగా నిలబెట్టి, కాసేపాగి డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిలు తక్కువ కాదు, పై గీత దాటి చాలా పైకుంది. పోసి పోసి నింపేశారు. ఆయిలు మరీ ఎక్కువైతే పొగ, ప్లగ్గులకి మసి, లోపల చిలికి నురగ. నురగపట్టిన ఆయిలుకి ఒత్తిడి నిలవదు. అంటే బహుశా మొదట మోగింది ఉత్త రిమైండరు. దానికి మందుగా పోసిన ఆయిలే నిజం జబ్బు తెచ్చిపెట్టేలా ఉంది. ఆ నిజం జబ్బుకి అలారం మోగాల్సిన సమయానికి తీగ లేదు. ఈ గొలుసులో ఆ పెద్దాయన చేసిన తెలివితక్కువ పని ఏదో చూపించండి. అమ్మినవాడు పొయ్యమన్నాడు, ఆయన పోశాడు.

పుస్తకం చదివితే మాత్రం ఏమొరుగుతుంది అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మన సముద్రాన్ని చూడలేదు. 'అలారం మోగిన వెంటనే ఇంజిను ఆపండి' అని ఉంటుంది. సరస్సులో షికారు చేసేవాడికి అది మంచి సలహా. మా ఒడ్డున కెరటాలు విరిగేచోట ఇంజిను ఆపితే బోటు అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది, మనుషులు పోతారు. ఇంజిను దానంతటది వేగం తగ్గించుకోవడం కూడా అక్కడ ప్రమాదమే. కెరటం వీపు మీద ఉన్నప్పుడు కావల్సింది వేగమే కదా. బజరు తీగ ఒక్కటీ పీకితే మోత పోతుంది గానీ వేగం తగ్గడం పోదు. స్విచ్చి తీగ పీకితే రెండూ పోతాయి. అందుకే చాలామంది స్విచ్చి తీగే పీకుతారు. వాళ్ళకి వైరింగ్ తెలీదంటారా? మనలో చాలామందికన్నా బాగా తెలుసు.

అలాగే ఆయిలు కొలత. ఇంజిను నిటారుగా ఉన్నప్పుడే చూడాలి. ఒడ్డున పైకెత్తి ఉన్న ఇంజినులో చూస్తే తప్పు లెక్క వస్తుంది, ఊగుతున్న బోటులో చూస్తే ఉజ్జాయింపే. ఫోర్-స్ట్రోకుని పడుకోబెట్టాల్సి వస్తే కంపెనీ చెప్పిన వైపునే పడుకోబెట్టాలి, వేరే వైపు పెడితే ఆయిలు సిలిండర్లోకి పోతుంది. టూ-స్ట్రోకు అలవాటున్న చెయ్యి ఏ వైపైనా పడుకోబెడుతుంది, ఎందుకంటే పాతికేళ్ళూ ఏ వైపు పెట్టినా ఏమీ కాలేదు. ఇంజిను మారినప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పే బాధ్యత ఎవరిది?

అలారం అంటే ఏంటో పరిశ్రమలవాళ్ళు ఎప్పుడో తేల్చారు. 2009లో వచ్చిన ఐఎస్ఏ 18.2 అనే ప్రమాణం ప్రకారం, మనిషి సకాలంలో ఏదో ఒకటి చెయ్యాల్సిన అవసరం ఉంటేనే అది అలారం. గూగుల్ వాళ్ళ 2016 నాటి ఎస్ఆర్ఈ పుస్తకం చెప్పేదీ అదే, పేజర్ మోగితే చెయ్యడానికి ఒక పని ఉండాలి. ఆ లెక్కన చెయ్యాల్సిన పని చెప్పని ఆ బజరు అలారమే కాదు, ఉత్త గోల.

గోలని మనుషులు ఆపేస్తారు. చదువుకున్నవాళ్ళే ఆపేస్తారు. 2010 ఏప్రిల్లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఆ రిగ్గులో జనరల్ అలారం దానంతటది మోగకుండా కట్టిపెట్టారనీ, తెల్లవారుజామున దొంగ అలారాలకి జనం నిద్ర లేవకూడదనే అలా చేశారనీ అక్కడి ప్రధాన ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ విచారణలో చెప్పాడు. కోట్ల డాలర్ల రిగ్గు, పెద్ద పెద్ద ఇంజనీర్లు. వాళ్ళు చేసిందీ తీగ పీకడమే. అంత దూరం ఎందుకు, మన విశాఖపట్నంలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకయితే సైరనే మోగలేదు. 36 చోట్ల మోగించే వీలున్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. వీళ్ళెవరినీ మనం 'మెయింటెనెన్సు తెలీని మనవాళ్ళు' అనం. 'సిస్టమిక్ ఫెయిల్యూర్' అంటాం. పదం ఎవరికి ఏది వాడతామో చూసుకోండి కాస్త.

ఇప్పుడు నా వాదన సూటిగా చెప్తాను. ఈ తీరంలో అమ్మే ప్రతి ఇంజిను మూత లోపల, తడిసినా ఊడని ఒక తెలుగు స్టిక్కరు ఉండాలి. పుస్తకం కాదు, స్టిక్కరు. బొమ్మలతో. ఏ మోతకి ఏ అర్థం, ఏం చెయ్యాలి, రిమైండరుని ఎలా ఆపాలి. అది లేకుండా ఇంజిను అమ్మకూడదు.

చట్టం లేదా అంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరక్కుండా వాడే విధానం గురించి తగిన సూచనలు ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడు. చదవలేని భాషలో ఇచ్చిన సూచన 'తగిన' సూచన ఎలా అవుతుంది? లాయర్లు ఉంటే చెప్పండి. ఇక డబ్బు సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారులకి ఇచ్చే సబ్సిడీ మామూలుగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం. సబ్సిడీ మీద ఏ ఇంజినిచ్చినా అందులో మన పన్నుల డబ్బుంది. హార్స్‌పవర్ ఇంత ఉండాలని రాసే కాయితంలోనే 'తెలుగు స్టిక్కరు ఉండాలి' అని ఒక లైను రాయడానికి ఎవరి అనుమతి కావాలి? 2025 ఏప్రిల్ 26న వేట నిషేధ కాలపు సాయం 20 వేలకి పెంచి ముఖ్యమంత్రి మా బుడగట్లపాలెంలోనే ప్రారంభించారు. మంచిదే. కానీ ఒక ఇంజిను సీజయితే ఆ 20 వేలు దాని రిపేరుకి ఏ మూలకి?

"వాళ్ళు చదవరండీ" అంటారు. వాళ్ళ పిల్లలు చదువుతారు. హైదరాబాదు ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహ సమాచారం తీసుకుని, చేపలు ఎక్కడ పడొచ్చో తెలుగులో చెప్తోంది. అక్షాంశాలు, లోతులతో సహా. దాన్ని వాడుకోగలిగినవాళ్ళు 'పక్కనుంచి నీళ్ళు రాకపోతే వేడెక్కింది' అన్న వాక్యాన్ని వాడుకోలేరా? ఏటీఎం తెలుగులో మాట్లాడుతుంది, ఫోను మాట్లాడుతుంది. ప్రాణం మీదకొచ్చే యంత్రం ఒక్కటే ఇంగ్లీషులో కూస్తుంది.

ఇంకొకరెవరో "అది మెకానిక్కు పని" అన్నారు. నిజమే, ఒడ్డున. పది మైళ్ళు లోపల మెకానిక్కు ఉండడు :-)

మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నేను ఒక కాయితం రాయడం మొదలుపెట్టాను. ఇప్పటిదాకా అందులో ఉన్నది ఇంతే:

అలారం మోగితే ముందు కెరటాలు దాటు, ఆ తరవాతే ఇంజిను ఆపు. మళ్ళీ వేసి చూడు, పక్కనుంచి నీళ్ళు చిమ్ముతున్నాయా? లేకపోతే వెంటనే ఆపి, నీళ్ళు పీల్చే జల్లెడ దగ్గర చెత్త తియ్యి. నీళ్ళు వస్తూ కూడా మోగుతుంటే ఆపేసి, ఇంజిను నిటారుగా ఉంచి కాసేపాగి ఆయిలు పుల్ల చూడు. రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకన్నా తక్కువుంటే పొయ్యి, పై గీత దాటి పొయ్యకు. ఆయిలు పెట్రోలు వాసనొస్తే, పాలలా తెల్లగా ఉంటే, లేదా గీతల మధ్యే ఉన్నా ఒకటే కూత కూస్తుంటే ఆ ఇంజిను ఇంక తిప్పకు, పక్క బోటుని పిలువు. కూత ఒకటేనా, ఆగి ఆగా అన్నది గుర్తుపెట్టుకుని ఒడ్డుకొచ్చాక చెప్పు.

ఆగి ఆగి మోగే మోతల అర్థం మోడలుని బట్టి మారుతుంది. అక్కడే ఆగాను. యమహా, సుజుకీ, హోండా, మెర్క్యురీ చిన్న ఫోర్-స్ట్రోకుల ఓనర్ మాన్యువల్స్ దొరుకుతున్నాయి. ఒక్కోటి తీసుకుని అలారం పేజీలు, రీసెట్ పేజీ తెలుగులో పెట్టగలిగినవాళ్ళు కింద వ్యాఖ్యలో ఏ మోడలు తీసుకుంటున్నారో రాయండి, ఇద్దరు ఒకటే చెయ్యకుండా. బొమ్మలు గీసేవాళ్ళు కూడా కావాలి. భాష మాత్రం మన పుస్తకాల తెలుగు వద్దు. 'తైల పీడన సూచిక' అని రాసేవాళ్ళు దయచేసి దూరంగా ఉండండి.